యాభై వేల నోటు మీది వంకాయ

హమ్ మల్సున్‌ను ఆ పేరుతో పిలిచేది గంగ్నుంగ్ ఊరు మొత్తంలో ఆసుపత్రి వాళ్ళు, బ్యాంకు వాళ్ళు మాత్రమే. ఇంట్లో ఆమె మిర్యోంగ్ వాళ్ళమ్మ. ఒజుఖన్ పాత ఇంటి ముందు వరసగా ఉన్న కొట్లలో ఆమెది ఎంబ్రాయిడరీ అత్త కొట్టు. పెళ్ళయిన ముప్ఫై అయిదేళ్ళలో భర్త క్వాక్ తెసిక్ ఆమెను పేరు పెట్టి పిలిచింది ఒకే ఒక్కసారి. అదైనా జుమున్జిన్ రేవులో పడవ దిగబోతూ ఆమె కాలు జారినప్పుడు, కంగారులో నోటికి వచ్చేసింది.

మల్ అంటే చివర. ఆమె పుట్టేనాటికి ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. నాలుగోదీ ఆడపిల్లేనని మంత్రసాని చెప్పగానే తండ్రి పొలానికి వెళ్ళిపోయాడట. మూడు రోజులకు తిరిగివచ్చి, ఆడపిల్లలు దీంతో సరి కావాలని ఆ అక్షరాన్నే పేరులో వేసి రాయించాడు. ఆ రోజుల్లో అదేమంత వింత కాదు. ప్రతి నాలుగిళ్ళకూ ఒక ఆఖరమ్మ ఉండేది. కొందరికి ఆ పేరు పనిచేసేది, కొందరికి చేసేది కాదు.

మల్సున్‌కు పనిచేసింది. రెండేళ్ళు తిరక్కుండానే తమ్ముడు ఇన్గ్యు పుట్టాడు. పిల్లవాడి నూరో రోజు పండగకు బియ్యప్పిండి రొట్టెలు ఆవిరి మీంచి దించి, మొదటి ముక్క రెండేళ్ళ మల్సున్ నోట్లో పెట్టింది తల్లి, తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చిన పిల్ల అని. ఆ మాట ఆవిడ బతికున్నంత కాలం వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. మెచ్చుకోలుగానే చెప్పేది. మల్సున్ కూడా మెచ్చుకోలుగానే వినేది.

సూదిపని నాయనమ్మ దగ్గర నేర్చుకుంది. పెళ్ళికూతురి సామాను చుట్టే గుడ్డల మీద పూలచెట్లు కుట్టడంలో ఆ ముసలావిడ పేరుపడ్డ మనిషి. మల్సున్ పదహారో ఏట ఊళ్ళోని ఎంబ్రాయిడరీ కార్ఖానాలో చేరింది. జపాన్ వాళ్ళ పట్టుబట్టలకు కొంగలు, దేవదారు కొమ్మలు కుట్టి పంపే చోటు అది. ముప్ఫై మంది అమ్మాయిలు పొద్దున ఎనిమిదింటికే చెక్క ఫ్రేముల మీదికి వంగేవాళ్ళు. పదేళ్ళు అక్కడే చేసింది. ఆ పదేళ్ళలో ఇన్గ్యు హైస్కూలూ, తర్వాత ఉపాధ్యాయ కళాశాలా ముగించి లెక్కల మాస్టారయ్యాడు.

పంతొమ్మిదివందల డెబ్భై మూడులో పదివేల నోటు కొత్తగా వచ్చింది. అప్పటిదాకా అంత పెద్ద నోటు లేదు. ఏడాది చివరి జీతంలో ఒకటి మల్సున్ చేతికొచ్చింది. సేజోంగ్ రాజు బొమ్మ ఉన్న పచ్చనోటు. పక్క ఫ్రేముల అమ్మాయిలు చేతులు తుడుచుకుని మరీ ఒక్కొక్కరూ పట్టుకు చూసి ఇచ్చారు. సాయంత్రం దాన్ని తండ్రికిచ్చింది. ఆయన అది మడతపడకుండా ఒక పుస్తకంలో పెట్టి, చదువుకుంటున్న కొడుక్కి పంపించాడు.

తర్వాత పెళ్ళి, కూతురు, భర్త టాక్సీ. కూతురు పెద్ద బడికి వెళ్ళేనాటికి మల్సున్ మళ్ళీ సూది పట్టింది. ఒజుఖన్ ముందు చిన్న కొట్టు తీసుకుని, తను కుట్టిన సంచులు, సూదిపొదులు, కళ్ళజోడు పెట్టెలు అమ్మడం మొదలుపెట్టింది.

ఒజుఖన్ అయిదొందల ఏళ్ళ కిందటి చిత్రకారిణి సాయిమ్‌దాంగ్ అమ్మగారి పుట్టిల్లు. పండితుడు యుల్గోక్ ఆవిడకు పుట్టిందీ అక్కడే. అయిదువేల నోటు మీద టోపీ పెట్టుకుని కూచున్నది ఆయనే. పక్కనే ఆ ఇల్లు, ఆ ఇంటి నల్లవెదుళ్ళు. దేశమంతటికీ ఆయన పెద్ద పండితుడే గానీ గంగ్నుంగ్ వాళ్ళకు మాత్రం మనవైపు కుర్రాడు. నోటును కొంచెం మొరటుగా నలిపితే, మా కుర్రాడి మొహం అలా నలుపుతారా అని కసురుకునే కూరలమ్మే అమ్మలు బజారులో ఉండేవాళ్ళు. వచ్చిన జనం ఆ ఇంటి ఎదుట నిలబడి, అయిదువేల నోటును ఎత్తి పట్టుకుని, నోటులోని ఇంటినీ ఎదుట ఉన్న ఇంటినీ ఒకే ఫొటోలో ఇరికించేవాళ్ళు. ఆ ఫొటో తీసిపెట్టమని ఎక్కువగా అడిగేది మల్సున్‌నే. చేయి వణకదని పేరు.

రెండువేల ఆరులో అయిదువేల నోటు మారింది. వెనకవైపు సాయిమ్‌దాంగ్ వేసిన పుచ్చపాదు, కోడిజుట్టు పూలు వచ్చాయి. అప్పటినుంచి మల్సున్ కొట్టుకు గిరాకీ పెరిగింది. జనం నోటు తిప్పి చూపించి, ఇదే కావాలనేవాళ్ళు. భూతద్దం పెట్టి తీగ ఎటు తిరిగిందో, ఆకు ఎక్కడ మడతపడిందో చూసి ఆమె నల్ల శాటిన్ మీద అచ్చంగా దింపేది. పుచ్చకాయ నిండా గింజలు కాబట్టి పిల్లలు పుడతారని కోడళ్ళకు కొనుక్కుపోయేవాళ్ళు అత్తలు. మల్సున్ అవునని గానీ కాదని గానీ అనేది కాదు. సంచీ కాగితంలో చుట్టి ఇచ్చేది.

రెండువేల తొమ్మిది జూన్ ఇరవై మూడున యాభైవేల నోటు వచ్చింది. మన ఊరి అమ్మగారు నోటెక్కారని ఊళ్ళో బట్టల తోరణాలు కట్టారు. మల్సున్ కొట్టు మూసి, ఒక్క నోటైనా మొదటిరోజే చూడాలని బ్యాంకుకు వెళ్ళింది. జనం చాలామంది ఉన్నారు. గంట కూచున్నాక కౌంటరులోని అమ్మాయి పిలిచింది.

"హమ్ మల్సున్ గారు."

మల్సున్ లేచి వెళ్ళింది. ఆ అమ్మాయి పాతికేళ్ళది, కలుపుగోలు మనిషి. నోట్లు తీస్తూ, "మామ్మగారూ, మీ తర్వాత తమ్ముడు పుట్టాడా?" అని అడిగింది.

"పుట్టాడు."

"అదృష్టవంతులు. మా నాయనమ్మదీ ఇలాంటి పేరే. ఆవిడ తర్వాత ఇంకో ఇద్దరు చెల్లెళ్ళు పుట్టారట."

వెనక బెంచీల మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మల్సున్ కూడా నవ్వింది. ఆ అమ్మాయి మాటలో ఎగతాళి లేదని ఆమెకు తెలుసు. కానీ బస్సులో కూచున్నాక ఆలోచన వచ్చింది. ఎవరికో తమ్ముడు పుట్టాడా లేదా అన్నది అరవయ్యొక్క ఏళ్ళుగా తన నుదుటి మీద రాసి ఉన్నట్టే కదా. తన పేరు చదివినవాళ్ళకు తన గురించి ఏమీ తెలియదు, తమ్ముడి గురించి తెలుస్తుంది.

ఇంటికి వచ్చాక కిటికీ దగ్గర కూచుని నోటు తీసింది. పసుపుపచ్చని నోటు. కుడివైపు సాయిమ్‌దాంగ్ ముఖం. ఆ ముఖం గురించి బజారులో అప్పటికే తగువులు మొదలయ్యాయి. ముక్కు సియోల్ వాళ్ళ ముక్కులా ఉందని ఎండుచేపల అంగడి ఆవిడ తీర్పు చెప్పేసింది. మల్సున్ ముఖం వైపు ఎక్కువసేపు చూడలేదు. మధ్యలో ద్రాక్షగుత్తి ఉంది. దాన్ని ఆమె పుస్తకాల్లో చూసిందే, సిరాతో వేసిన బొమ్మ. దాని పక్కన లేతరంగులో ఒక వంకాయ మొక్క ఉంది. భూతద్దం పెట్టి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

ఆ ఆదివారం కూతురు మిర్యోంగ్ సియోల్ నుంచి వచ్చింది. ఆమె అక్కడి ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగంలో పనిచేస్తోంది. ఏదైనా మొహమాటం లేకుండా మాట్లాడుతుంది. నోటు సంగతి ఎత్తగానే మండిపడింది.

"దేశమంతా వెతికి ఒక్క ఆడమనిషిని వేశారు. ఆవిడనైనా ఎందుకు వేశారు? యుల్గోక్‌ని కన్నదని. కొడుకు అయిదువేల మీద, తల్లి యాభైవేల మీద. బొమ్మలు వేసేదన్న సంగతి రెండో వరసలో చెప్తారు."

మల్సున్ నోటునూ భూతద్దాన్నీ కూతురి ముందుకు జరిపింది. "ద్రాక్ష కుంచెతో వేసింది. ఈ వంకాయ చూడు. ఇది కుంచెపని కాదే. సూదిపని. కుట్టిన మడతల తెర మీదిది తెచ్చి ఇక్కడ వేశారు. కాయ నిగనిగలు చూడు, దారం వాలు మారిస్తే గానీ అలా రాదు."

మిర్యోంగ్‌కు నిగనిగలు కనబడలేదు. కానీ తల్లి గొంతులో ఉన్నది వినబడింది. అప్పుడు మల్సున్ నోటు మీది ఆవిడ అసలు పేరేమిటని అడిగింది.

"ఎవరికీ తెలీదమ్మా. ఏదో ఒకటి చెప్తుంటారు గానీ నమ్మకమైన రాత ఎక్కడా లేదట. సాయిమ్‌దాంగ్ తనకి తనే పెట్టుకున్న పేరు. నీ కొట్లో పంచే కాగితం మీదే రాసుందిగా."

రాసుంది. పదిహేనేళ్ళుగా ఆ కాగితం ప్రతి సంచీతోపాటు మల్సున్ చేతిమీదుగానే వెళ్తోంది. ఆ రోజు తీసి, ఆ రెండు వాక్యాలూ వేలు పెట్టి చదువుకుంది.

భోజనాల దగ్గర పేరు మార్చుకుంటానని చెప్పింది. ఈమధ్య కోర్టువాళ్ళు పెద్దగా అడ్డుపెట్టడం లేదనీ, తనతో పనిచేసే ఇద్దరు మార్చుకున్నారనీ మిర్యోంగ్ చెప్పింది. తెసిక్ చేపముల్లు తీస్తూ ఆగిపోయాడు.

"కొత్త పేరంటే కొత్త మనిషి కింద లెక్క. అప్పుడు మళ్ళీ పెళ్ళి చేసుకోవాలేమో," అన్నాడు.

"చేసుకునేటట్టయితే పెళ్ళికొడుకుని కూడా మారుస్తానయ్యా," అంది మల్సున్.

అతను నవ్వి, ఒక సంగతి మాత్రం అడిగాడు. ఇన్గ్యుకు చెప్పావా అని. చెప్పలేదు.

ఇన్గ్యు అప్పటికి ఉద్యోగం నుంచి విరమించి ఏడాది. అక్కంటే ప్రాణం. నెలకోసారి బియ్యపు కల్లు సీసా పట్టుకుని వచ్చి, అక్క చేతి బంగాళాదుంప ఉండల పులుసు రెండు గిన్నెలు తిని వెళ్ళేవాడు. జులైలో వచ్చినప్పుడు మొదటి గిన్నె సగంలో ఉండగా ఆమె చెప్పింది. అతను చెంచా కింద పెట్టాడు.

"నవ్వులాటకా అక్కా?"

"కాదు."

"నాన్న పెట్టిన పేరు."

"నాన్న పెట్టిందే. పెట్టింది నీ కోసం, రాసింది నా మీద. అంతే."

అతనికి కోపం రాలేదు, భయం వేసింది. ఎందుకు భయమో వెంటనే చెప్పలేకపోయాడు. పత్రాలు మార్చుకోవాలనీ, బ్యాంకు పుస్తకాలు మార్చుకోవాలనీ, ఈ వయసులో జనం నవ్వుతారనీ లెక్కల మాస్టారిలాగా ఒక్కొక్క అడ్డంకే చెప్పుకొచ్చాడు. ఆమె అన్నిటికీ తల ఊపింది. అప్పుడు గోడకు అంటించిన కొత్త నోటు ఫొటో వైపు చెయ్యి చూపించాడు.

"ఆవిణ్ణి చూసే కదా ఇదంతా. ఆ నోటు మీద ఉన్నదేంటో తెలుసా? ద్రాక్ష అంటే గుత్తులు గుత్తులుగా సంతానం. వంకాయ అంటే మగపిల్లాడు. పాతకాలం వాళ్ళంతా అందుకే గీయించుకునేవాళ్ళు. అది కూడా మగపిల్లాడి కోసం మొక్కుబడే అక్కా. నీ పేరు లాంటిదే."

మల్సున్ ఈసారి తల అడ్డంగా ఊపింది. "ఆ అర్థాలు చూసినవాళ్ళు తగిలించారు. పెరట్లో ఉన్నది చూసి కుట్టింది ఆవిడ. వంకాయ వంకాయే. నువ్వు కూడా మొన్న వండితే తిన్నావు."

తెసిక్‌కు నవ్వొచ్చింది గానీ బావమరిది ముఖం చూసి ఆపుకున్నాడు. ఇన్గ్యు తల దించుకునే, అసలు మాట అప్పుడన్నాడు. "ఆ పేరు వల్లే నేను పుట్టానని అమ్మ చచ్చేదాకా చెప్పింది. నువ్వది తీసేస్తే నేనెక్కణ్ణించి వచ్చినట్టు?"

ఆమె పులుసు గిన్నె అతని వైపుకు జరిపింది. గొంతు పెంచలేదు.

"నీ కోసం అరవయ్యేళ్ళు మోశాను. నువ్వు వచ్చేశావు, పెద్దవాడివయ్యావు, నీ జుట్టు కూడా నెరిసింది. ఇక దించుకోనీ."

ఇన్గ్యు రెండో గిన్నె అడగలేదు. మొదటిది కూడా పూర్తి చేయకుండానే లేచి వెళ్ళిపోయాడు.

మల్సున్ పత్రాలన్నీ పోగుచేసి సెప్టెంబరులో అర్జీ పెట్టింది. కారణం రాయాల్సిన చోట అందరూ పేజీలకు పేజీలు రాస్తారట. ఆమె ఇంతే రాసింది. "ఇకమీదట ఆడపిల్లలు పుట్టకూడదని ఈ పేరు పెట్టారు. పుట్టలేదు. పేరు పని అయిపోయింది." దాన్ని చదివి కిటికీ అవతలి గుమాస్తా తల ఎత్తి ఆమెను చూసి ముద్ర వేశాడు. కొత్త పేరు రాసే చోట ఏం రాసిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇన్గ్యు ఫోన్ చేయలేదు. ఏటా పంటల పండక్కి బేరిపళ్ళ పెట్టె తనే మోసుకొచ్చేవాడు. ఆ ఏడు కొరియరులో పంపించాడు. మల్సున్ ఆ పళ్ళు కోసి పెట్టింది గానీ తను తినలేదు. ఫ్రేము దగ్గర కూచుంటే అదే దారాన్ని మూడుసార్లు విప్పి కుట్టింది. వెళ్ళి మాట్లాడి రమ్మని తెసిక్ అన్నాడు. తను తప్పేమీ చేయలేదంది. తప్పు చేశావని నేననలేదు, మాట్లాడమన్నాను అన్నాడతను. అయినా ఆమె వెళ్ళలేదు.

అక్టోబరు మధ్యలో ఒక సాయంత్రం ఫోన్ మోగింది. రేపు పొద్దున ఆరింటికి తయారుగా ఉండమనీ, దూరం వెళ్ళాలనీ, కళ్ళజోళ్ళు రెండూ తెచ్చుకోమనీ చెప్పి ఇన్గ్యు పెట్టేశాడు.

మర్నాడు అతని కారు సముద్రం ఒడ్డున దక్షిణానికి సాగింది. సామ్‌చోక్ దాటింది. ఉల్జిన్ దగ్గర ఆగి ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. మళ్ళీ కారెక్కాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఇన్గ్యు మొదలుపెట్టాడు.

"నేను చదువుకునేటప్పుడు నాన్న ఒకసారి పుస్తకంలో పెట్టి పదివేల నోటు పంపించాడు. అప్పుడు దాన్ని చూసినవాళ్ళే లేరు. హాస్టల్లో అందరికీ చూపించాను. మా నాన్న పంపాడని గొప్పగా చెప్పుకున్నాను."

"నాన్నే కదరా పంపింది."

"అక్కా," అన్నాడతను. ఆమె గుడ్డు పెంకులున్న కాగితాన్ని చిన్నగా, ఇంకా చిన్నగా మడుస్తూ కూచుంది. చాలా దూరం వెళ్ళాక, వాడి దగ్గర చేతిరుమాలు లేదని చూసి తనది తీసి ఒళ్ళో పడేసింది.

మధ్యాహ్నానికి బుసాన్ చేరారు. ఒక విశ్వవిద్యాలయం మ్యూజియంలో నోటు మీది వంకాయ ఉన్న ఆ తెర ఉందని ఇన్గ్యు కనుక్కున్నాడు. ముందురోజే ఫోన్ చేసి, బయటపెట్టారో లేదో కూడా అడిగాడట. చీకటిగా ఉన్న గదిలో, అద్దం వెనక, ఎనిమిది మడతల నల్ల శాటిన్ తెర. ఒక్కో మడత మీద ఒక్కో మొక్క, దాని చుట్టూ పురుగులూ సీతాకోకచిలకలూ.

మల్సున్ నేరుగా వంకాయ దగ్గరికి వెళ్ళింది. ఒక కళ్ళజోడు తీసి రెండోది పెట్టుకుంది. అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, ఎడమ చేతి బొటనవేలితో చూపుడువేలి కొస రాస్తూ ఉండిపోయింది. దారం పేనేటప్పుడు చేసే పని అది. అలా అరగంట దాటింది. కాపలా మనిషి వచ్చి జరగమంటాడేమోనని ఇన్గ్యు భయపడ్డాడు. ఆ కాపలా మనిషి మాత్రం ఎక్కణ్ణించో కుర్చీ తెచ్చి ఆమె వెనక పెట్టి వెళ్ళాడు.

"చీటీ మీద ఏం రాశారో చదువు," అంది.

ఇన్గ్యు చదివాడు. సాయిమ్‌దాంగ్ చేతిపని అని తరతరాలుగా చెప్పుకుంటున్నారనీ, కచ్చితంగా ఆవిడే కుట్టిందని చెప్పలేమనీ రాసి ఉంది. అక్క చిన్నబుచ్చుకుంటుందేమోనని అతను చివరి ముక్క గొంతు తగ్గించి చదివాడు. ఆమె చిన్నబుచ్చుకోలేదు.

"ఎవరైతేనేం, మెడ నొప్పి పుట్టేదాకా వంగి కుట్టిన మనిషి. ఈ కాయ ఒక్కటే ఎనిమిది రోజుల పని. నా కళ్ళు బాగున్న రోజుల్లో నాకైతే పది."

ఇన్గ్యు అప్పుడు వంకాయను చూశాడు. మొదటిసారి నిజంగా చూశాడు. పక్కనుంచి వంగితే కాయ నిగారింపు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు కదిలింది. అక్క పదేళ్ళపాటు రోజంతా చేసిన పని ఏమిటో అతను ఇంతకుముందు ఎన్నడూ ఇంత దగ్గరగా చూడలేదు. ఆమె కుర్చీ పక్కన గొంతుక్కూచుని, కొత్త పేరేం పెట్టుకున్నావని మెల్లిగా అడిగాడు.

"సు," అంది. "ఒక్క అక్షరమే. సూదిపని సు."

ఇన్గ్యు నేలవైపు చూశాడు. అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని ఆమె వంగి చూస్తే, నవ్వాపుకోలేక పోతున్నాడు.

"హమ్ సు. అక్కా, హమ్‌సు అంటే లెక్కల్లో ప్రమేయం. ముప్ఫై అయిదేళ్ళు బోర్డు మీద రాశాను. పిల్లలు ఆ పాఠం అంటేనే పారిపోయేవాళ్ళు."

మల్సున్ ఆ సంగతి ఆలోచించనే లేదు. ఆమె చదువు ప్రాథమిక పాఠశాలతో ఆగిపోయింది. ఆ పాఠం ఆమెదాకా రాలేదు.

"అంటే ఏంటది?" అని అడిగింది.

"ఒకటి లోపల వేస్తే దానికి తగ్గది ఇంకోటి బయటికొస్తుంది. ఎప్పుడు వేసినా అదే."

"మంచిదేగా మరి. ముప్ఫై అయిదేళ్ళు ఊరివాళ్ళ పిల్లల ముందు అన్నావు, ఇక ఇంట్లో అను."

కాపలా మనిషి వచ్చి, నవ్వుకోవాలంటే బయటికి వెళ్ళమని మర్యాదగానే చెప్పాడు. ఇద్దరూ బయటికి వెళ్ళి, మెట్ల మీద కూచుని ఇంకాస్త నవ్వుకున్నారు. పాత లిపిలో ఆ అక్షరానికి ఇరవైకి దగ్గర గీతలున్నాయి కాబట్టి రాయడం నేర్పమని ఆమె అడిగింది. అతను జేబులోంచి పెన్ను తీసి, బస్సు టైముల కాగితం వెనక పెద్దగా రాసి చూపించాడు. తిరుగు ప్రయాణంలో పోహాంగ్ దాటేలోపు ఆమె ఆ కాగితం నింపేసింది.

డిసెంబరులో కోర్టు నుంచి అనుమతి వచ్చింది. గుర్తింపు కార్డు మార్చుకుంది. బజారువాళ్ళకు ఆమె ఎంబ్రాయిడరీ అత్తగానే ఉండిపోయింది, తెసిక్‌కు మిర్యోంగ్ వాళ్ళమ్మగానే ఉండిపోయింది. పెద్దక్కకు మాత్రం మనసు కష్టమైంది. నాన్న ఇచ్చింది విడిచిపెట్టావని ఒక ఏడాదిపాటు సరిగ్గా మాట్లాడలేదు. పెద్దక్క పేరుకు అర్థం వెన్నెల. ఆ సంగతి ఎత్తి చూపాలని మిర్యోంగ్‌కు నోరు దురదపెట్టినా తల్లి ఎత్తనివ్వలేదు. ఆ ముడి పూర్తిగా విడిపోలేదు, కాలంతో కాస్త వదులైంది.

రెండేళ్ళ తర్వాత ఊరి సాంస్కృతిక భవనంలో గురువారాలు సూదిపని నేర్పమని అడిగితే ఒప్పుకుంది. పన్నెండు మంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళలో పెద్దావిడ పిల్న్యో, డెబ్భై నాలుగేళ్ళు. ఆ పేరుకు ఆడపిల్లలు ముగిసినట్టే అని అర్థం. పిల్న్యో తర్వాత ఆ ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. వచ్చిన నాలుగో వారం ఆవిడ సు పక్కకు జరిగి, దారం ఎక్కించమన్నట్టు సూది చేతికిచ్చి, పేరు మార్చుకునే అర్జీ ఏ కిటికీ దగ్గర ఇవ్వాలి, ఎంత ఖర్చవుతుంది, కొడుకులు సంతకం పెట్టాలా అని చెవిలో అడిగింది. కొడుకులు సంతకం పెట్టనవసరం లేదని తెలిసి ఊపిరి పీల్చుకుంది.

సు ఆవిణ్ణి తీసుకెళ్ళి అర్జీ కాగితం ఇప్పించింది. పిల్న్యో దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది గానీ, కొత్త పేరు రాయాల్సిన చోట మాత్రం తేల్చుకోలేకపోయింది. ఇన్నేళ్ళ తర్వాత దొరికిన అవకాశం, తొందరపడి పాడుచేసుకోలేనంది. అందుకని వారానికో పేరు పెట్టుకుని చూసుకుంటానని ప్రకటించింది. ఆ గురువారం అందరూ ఆవిణ్ణి ఆ పేరుతోనే పిలవాలి. ఒక వారం ఎవరు పిలిచినా పలకడం మరిచిపోయింది, ఆ పేరు కొట్టేశారు. ఇంకో వారంది బాగానే ఉంది గానీ, సాయంత్రానికి అది తన అత్తగారి చెల్లెలి పేరని గుర్తొచ్చింది.

ఈ గురువారం ఆవిడ పేరు యోన్హ్వా. పొద్దున్నుంచి పిలిచినప్పుడల్లా పలుకుతూనే ఉంది. దానిమ్మపువ్వు కుడుతోంది, ఇంకా మూడు రేకులున్నాయి.